చేనేత చీరల వెబ్‌సైట్: డెవలపర్‌ను పిలవకముందే తేల్చుకోవాల్సిన పనులు

మంగళగిరిలో మీకు చీరల కొట్టు ఉందనుకుందాం. కొన్ని మగ్గాల వాళ్లు మీకే నేసి ఇస్తారు. కౌంటర్ మీద అమ్మకం ఒక పక్క, వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టి అమ్మడం ఇంకో పక్క. ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెట్టాలనుకుంటున్నారు. ఈ వ్యాసం మీలాంటి వాళ్ల కోసం. పోచంపల్లి, గద్వాల, ఉప్పాడ, వెంకటగిరి వాళ్లకూ ఇదే పద్ధతి సరిపోతుంది. పచ్చళ్లో కొండపల్లి బొమ్మలో అమ్మేవాళ్లు చీర అన్నచోట తమ సరుకు పెట్టుకుని చదువుకోవచ్చు.

చిన్న వ్యాపారాల సైట్లు సగంలో ఆగిపోయేది చాలావరకు కోడింగ్ దగ్గర కాదు. డెవలపర్ "కంటెంట్ పంపండి సార్" అని అడుగుతూనే ఉంటాడు, ఓనర్ "రేపు పంపిస్తా" అంటూనే ఉంటాడు. ఈలోగా శ్రావణమాసం వచ్చి వెళ్లిపోతుంది. ఒకవేళ సైట్ పూర్తయినా, కొట్లో అమ్ముడుపోయిన చీర సైట్లో అలాగే కనిపిస్తుంటుంది. ఎవరో డబ్బు కట్టేస్తారు, వాళ్లకు ఫోన్ చేసి సర్దిచెప్పాల్సి వస్తుంది. కాబట్టి సైట్ ప్లానింగ్ అంటే, కొట్టు రోజూ ఎలా నడుస్తుందో, సైట్ వచ్చాక ఏ పని ఎవరు ఏ టైముకు చేస్తారో ముందే రాసిపెట్టుకోవడం. రంగులు, బ్యానర్లు, లోగో అన్నీ ఆ తర్వాతే.

1. సైట్ ఎవరికి ఏం చేసిపెట్టాలో ఒక్క వాక్యంలో రాయండి

"ఆన్‌లైన్‌లో మనం కూడా కనిపించాలి" అంటే దాన్ని బట్టి ఎవరూ ఏమీ కట్టలేరు. ఇలా రాయండి: "హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటూ వాట్సాప్‌లో మన దగ్గర కొనేవాళ్లు మనకు మెసేజ్ పెట్టే పని లేకుండా చీర చూసుకుని, డబ్బు కట్టి, పార్సిల్ ఎక్కడుందో తెలుసుకోగలగాలి." ఇందులో కొనేది ఎవరో ఉంది, వాళ్లకు ఏం కావాలో ఉంది.

మీ అసలు వ్యాపారం హోల్‌సేల్ అయితే వాక్యం వేరు, సైట్ కూడా వేరు. దానికి కొనే చీరలు వేసుకునే బండి (కార్ట్), పేమెంటు అక్కర్లేదు. రకాల ఫోటోలు, కనీసం ఎన్ని చీరలు తీసుకోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఉంటే చాలు. రెండూ కావాలంటే ముందు ఒకటి పెట్టండి, అది నడిచాక రెండోది చూద్దురుగాని. ఒకేసారి రెండూ మొదలుపెడితే ఖర్చు పెరుగుతుంది, ఏదీ సరిగ్గా కుదరదు.

2. వాట్సాప్ చాట్లు ముందేసుకుని కూర్చోండి

కస్టమర్ల గురించి మీకు ఏ ఏజెన్సీ చేసే సర్వే అవసరం లేదు. వాళ్లు అడిగినవన్నీ మీ ఫోన్లోనే ఉన్నాయి. గత రెండు మూడు నెలల చాట్లు తెరిచి, కొనేముందు వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే నోటుబుక్కులో ఎక్కించండి. అదే ప్రశ్న మళ్లీ వస్తే పక్కన గీత పెట్టండి. సాధారణంగా ఇలాంటివి కనిపిస్తాయి:

"ఇది ప్యూర్ కాటనా, పట్టు కలిసిందా?" "జాకెట్ ముక్క ఉందా? అదే రంగా, వేరేనా?" "రంగు దిగుతుందా?" "కొంగు ఫోటో పెట్టండి." "ఇదే చీర మెరూన్‌లో ఉందా?" "ఫాల్, పీకో చేసి పంపుతారా?" "శుక్రవారం లోపు అందుతుందా?" "సీఓడీ ఉందా?" "నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?"

గీతలు ఎక్కువ పడ్డ ప్రశ్నలకు జవాబు ప్రతి చీర పేజీలోనూ, స్క్రోల్ చేసే పని లేకుండా కనిపించాలి. తక్కువ పడ్డవి వేరే పేజీలో ఉన్నా పర్లేదు. పేజీలో ఏది పైన, ఏది కింద అనే వాదన ఈ నోటుబుక్కుతో తీరిపోతుంది. ఇంట్లో ఒకరు "మన కొట్టు చరిత్ర ముందుండాలి" అంటారు, ఇంకొకరు "ఆఫర్లు ముందుండాలి" అంటారు. కొనేవాళ్లు మాత్రం జాకెట్ ముక్క గురించి అడుగుతున్నారు.

కొనకుండా ఆగిపోయినవాళ్ల చాట్లు కూడా వదలొద్దు. ఏ మాట తర్వాత వాళ్లు మళ్లీ మెసేజ్ పెట్టలేదో చూడండి. కొరియర్ చార్జీ చెప్పగానే ఆగిపోయారంటే, ఆ చార్జీని చీర ధరలోనే కలపాలా అన్నది ఇప్పుడే ఆలోచించాలి.

3. సింగిల్ పీస్ సంగతి తేల్చండి

చేనేత సైట్లకూ మిగతా బట్టల సైట్లకూ అసలు తేడా ఇక్కడే. రెడీమేడ్ చొక్కా అయితే ఒక ఫోటో తీసి వంద అమ్మొచ్చు. మీ దగ్గర చాలా చీరలు ఒక్కటంటే ఒక్కటే ఉంటాయి. అదే చీర పొద్దున పదకొండింటికి కొట్లో ఎవరో కట్టించుకుని వెళ్లిపోవచ్చు, పదకొండుంపావుకు బెంగళూరు నుంచి ఎవరో సైట్లో డబ్బు కట్టొచ్చు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, కౌంటర్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను, సైట్‌ను కలిపి, ఇక్కడ బిల్లు కొట్టగానే అక్కడ స్టాక్ తగ్గేలా చేయడం. బాగా నడిస్తే ఇదే మేలు. కానీ ఖర్చు ఎక్కువ, పైగా కౌంటర్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఒక్క చీర కూడా తప్పకుండా కోడ్ స్కాన్ చేసే బిల్లు వేయాలి. రెండోది, సైట్ చీరలకు ఒక బీరువా విడిగా పెట్టి, అందులోవి కౌంటర్ మీదకు రాకూడదని నియమం పెట్టుకోవడం. మొదలుపెట్టేవాళ్లకు నేను రెండోదే గట్టిగా చెబుతాను. తప్పనిసరై ఆ బీరువాలోంచి ఏదైనా తీయాల్సి వస్తే, ముందు ఫోన్లో ఆ చీరను సైట్ నుంచి తీసేసి, తర్వాతే కస్టమర్‌కు చూపించాలి. ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో పేరుతో సహా రాయండి.

ఇద్దరు ఒకే చీరను బండిలో వేసుకుంటే ఎవరిది? డబ్బు ముందు ఎవరిది అందితే వాళ్లదే అని పెట్టుకోండి. యూపీఐ పేమెంటు ఒక్కోసారి పెండింగ్‌లో పడుతుంది, అప్పుడు చీరను ఎంతసేపు ఆపాలో కూడా డెవలపర్‌కు మీరే చెప్పాలి. మీరు చెప్పకపోతే ఆయన ప్లాట్‌ఫామ్‌లో ఎలా ఉంటే అలా వదిలేస్తాడు.

ఒకే డిజైన్ మళ్లీ మళ్లీ నేయించగలిగే ప్లెయిన్ చీరలు, డ్రెస్ మెటీరియల్ వేరే గుంపు. వాటికి "ఆర్డర్ మీద నేయించి ఇస్తాం" అనే మాట, దానికి పట్టే రోజులు రాయాలి. నేసేవాళ్లను అడిగి మరీ రోజులు రాయండి. వాన పడితే గుంట మగ్గంలోకి చెమ్మ వస్తుంది, పని ఆగుతుంది, అందుకు కొన్ని రోజులు కలుపుకోండి.

4. చీరకో వరస: ఎక్సెల్ షీట్

డిజైన్ మొదలవ్వకముందే ఒక 30 చీరల షీట్ నింపండి. ఎన్ని గడులు కావాలో, ఏ సమాచారం మీ దగ్గర లేదో అప్పుడే బయటపడుతుంది. ఒక వరస ఇలా ఉండొచ్చు:

కోడ్: మకా-147. రకం: మంగళగిరి కాటన్, చేనేత. రంగు: నెమలికంఠం. అంచు: నిజాం అంచు, జరీ. కొంగు: జరీ గీతలు. పొడవు: 5.5 మీటర్లు. జాకెట్ ముక్క: ఉంది, 80 సెంటీమీటర్లు, అదే రంగు. ఉతుకు: మొదటిసారి విడిగా, చల్లని నీళ్లలో. ప్యాకింగ్‌తో బరువు. ధర. స్టాక్: 1. నేసింది ఎవరు.

రంగు గడి దగ్గర కాస్త ఆగండి. మనవాళ్లు రంగును కనకాంబరం, వంగపండు, మావిచిగురు, చిలకపచ్చ, రామా గ్రీన్ అని అడుగుతారు. చీర పేరులో ఆ మాటే ఉంచండి. ఫిల్టర్‌లో మాత్రం ఇన్ని పెడితే ఎవరూ వెతకలేరు, కాబట్టి ఎరుపు, పచ్చ, నీలం, పసుపు లాంటి ఎనిమిది పది రంగులు పెట్టి, పక్కన ఇంకో గడిలో ప్రతి చీర ఏ గుంపులోకి వస్తుందో వేయండి. రెండు గడులూ ఉండాలని ముందే చెబితే డెవలపర్‌కు ఐదు నిమిషాల పని. సైట్ అయ్యాక చెబితే వందల చీరలు మళ్లీ తెరిచి మార్చాలి.

నేసినవాళ్ల పేరు గడి ఉండాల్సిందేనని నా అభిప్రాయం. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే పేరు వేయండి. చేనేత పేరు చెప్పి పవర్‌లూమ్ చీరలు అంటగట్టే అమ్మకాలు మార్కెట్లో ఇంతగా ఉన్నప్పుడు, ఈ చీర ఫలానా వారి మగ్గం మీద దిగింది అని చెప్పగలగడం మీకున్న పెద్ద బలం. హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ మీకు ఉంటే దాని ఫోటో కూడా చీర పేజీలో పెట్టండి. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, పోచంపల్లి ఇక్కత్‌కూ ఉంది. ఆ సంగతి రాయండి, కానీ పవర్‌లూమ్ సరుకు కూడా అమ్ముతుంటే దాన్ని వేరే విభాగంలో, పవర్‌లూమ్ అనే పేరుతోనే స్పష్టంగా పెట్టాలి.

5. ఫోటోలు ఎక్కడ, ఎవరు, ఎలా

"ఫోటోలో ఒక రంగు, వచ్చింది ఇంకో రంగు" అన్న ఫిర్యాదుతో చీరలు వెనక్కి వస్తే రానూపోనూ కొరియర్ మీకే పడుతుంది. అందుకని ఫోటోల పద్ధతి రాతపూర్వకంగా ఉండాలి. ఎండ నేరుగా పడని వరండా, పగటి వెలుతురు, ట్యూబ్‌లైట్ ఆర్పేసి, రోజూ ఒకే చోట. పక్కన తెల్ల కాగితం పెట్టి మొదటి ఫోటో తీయండి, ఆ కాగితం తెల్లగా కనిపిస్తేనే రంగు నిజంగా పడ్డట్టు. ఫిల్టర్లు వాడొద్దు.

ప్రతి చీరకూ ఇవి చాలు: మడతతో మొత్తం, కొంగు విప్పి, అంచు దగ్గరగా, జాకెట్ ముక్క, నేత కనిపించేంత దగ్గరగా ఒకటి. జరీ మెరుపు ఫోటోలో పడదు, దానికి పది సెకన్ల వీడియో తీయండి. ఫైలు పేరు చీర కోడ్‌తోనే ఉండాలి. వాట్సాప్‌లో పంపిన ఫోటోలు డెవలపర్‌కు ఇవ్వొద్దు, వాట్సాప్ వాటిని నలిపేస్తుంది. ఒరిజినల్స్ గూగుల్ డ్రైవ్‌లో ఉంచి లింకు ఇవ్వండి. సైట్ మీదకు వెళ్లేటప్పుడు ఒక్కోటి 200 కేబీ దాటకుండా వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రూపంలోకి మార్చాలని పనుల జాబితాలో రాయించండి. పేజీలో ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టని గూగుల్ కొలమానం. చీరల సైట్లు అక్కడ తప్పేది చాలావరకు బరువైన ఫోటోల వల్లే.

మీరు ఒక పొద్దున కూర్చుని నిజంగా ఎన్ని చీరలు తీయగలరో చూసుకోండి. వారానికి సైట్లోకి ఎన్ని కొత్త చీరలు ఎక్కుతాయన్నది ఆ లెక్కను బట్టే ఉంటుంది.

6. చీర పేజీ ముందు, హోమ్ పేజీ తర్వాత

డిజైనర్లు ముందు హోమ్ పేజీ చేసి చూపిస్తారు, అందరూ దాని మీదే చర్చిస్తారు. కానీ మీ కస్టమర్ ఇన్‌స్టాగ్రామ్ రీల్ కిందో, వదినగారు పంపిన వాట్సాప్ లింకులోంచో నేరుగా చీర పేజీకే వస్తుంది. ఆమెకు అదే మీ కొట్టు గుమ్మం. కాబట్టి మొదటి డిజైన్ చీర పేజీదే కావాలని, అదీ ఫోన్ సైజులోనే చూపించాలని అడగండి.

ఆ పేజీని ముందు మీరే గీయండి. ఏ4 కాగితాన్ని నిలువుగా మడిస్తే ఫోన్ ఆకారం వస్తుంది. ఫోటో, పేరు, ధర, నోటుబుక్కులో గీతలెక్కువ పడ్డ నాలుగు జవాబులు, "కొనండి" బటన్, "వాట్సాప్‌లో అడగండి" బటన్. మీ అత్తగారికో పక్కింటావిడకో ఆ కాగితం ఇచ్చి "దీన్ని ఎలా కొంటారు?" అని అడిగి, మీరు మాట్లాడకుండా చూడండి. వేలు ఎటు వెళ్తుందో చూస్తే చాలు. కాగితం మీద తప్పు పట్టుకుంటే రబ్బరుతో చెరిపేస్తే పోతుంది.

అవసరాల జాబితాలో ఇంకో రెండు రాయండి. లింకు వాట్సాప్‌లో పంపినప్పుడు చీర ఫోటో, పేరు, ధర కనిపించాలి. ఇన్‌స్టాగ్రామ్ లోపలే తెరుచుకునే బ్రౌజర్‌లో యూపీఐ యాప్‌కు వెళ్లి మళ్లీ సైట్‌కు తిరిగి రావడం పరీక్షించి చూపించాలి.

మిగతా పేజీలు కొద్దిగా చాలు: రకాల జాబితా, మా గురించి, కొట్టుకు దారి, సంప్రదించండి, ఇంకా కింద చెప్పే షరతుల పేజీలు.

7. తెలుగులో రాసే భాగం

సైట్ తెలుగులోనా, ఇంగ్లీషులోనా, రెండింటిలోనా అన్నది ముందే చెప్పాలి, ఎందుకంటే రెండు భాషలంటే ప్రతి చీరకూ రెండుసార్లు రాసే పని. ముఖ్యమైన పేజీలు, ప్రశ్నలు-జవాబులు తెలుగులోనూ, చీర పేర్లు రెండింటిలోనూ పెట్టడం నడిచే మార్గం.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన కరపత్రం ఫైలు డెవలపర్‌కు ఇస్తే సైట్లో పిచ్చి గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ కాదు, అంటే ఫోన్లు, బ్రౌజర్లు అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతిలో లేదు. యూనికోడ్‌లోకి మార్పించి, అక్షరం అక్షరం చదివి ఇవ్వండి. ఫాంటుకు నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు, మండలి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషుకు పెట్టిన వరసల ఎడం తెలుగుకు చాలదు, వత్తులు కింది వరసకు తగులుతాయి. "లక్ష్మి, స్త్రీ, జ్యోత్స్న" అని కొట్టి ఫోన్లో చూపించమనండి, సంగతి తెలిసిపోతుంది.

8. డబ్బు, పార్సిల్, చట్టం

సైట్లో కట్టిన డబ్బు మీ బ్యాంకుకు చేర్చే పేమెంట్ గేట్‌వే సంస్థలో ఖాతా తెరవడానికి పాన్, బ్యాంకు ఖాతా, వ్యాపారం కాగితాలు అడుగుతారు. అంతేకాక సైట్లో షరతులు, ప్రైవసీ, రిఫండ్, డెలివరీ, సంప్రదించే వివరాల పేజీలు ఉంటేనే ఆమోదిస్తారు. సైట్ అంతా అయ్యాక ఇక్కడ వారాలు ఆగిపోయేవాళ్లు చాలామంది. ఆ పేజీలు ఇప్పుడే రాయడం మొదలుపెట్టండి. ఎక్కడినుంచో కాపీ కొట్టొద్దు, ఎందుకంటే అందులో ఉన్నదానికి రేపు జవాబు చెప్పాల్సింది మీరే. ఫాల్ కుట్టిన చీర వెనక్కి తీసుకుంటారా? పార్సిల్ విప్పుతూ వీడియో తీయాలా? ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తారు? ఇవన్నీ మీ నిర్ణయాలు. జీఎస్టీ సంగతి, ముఖ్యంగా వేరే రాష్ట్రాలకు పంపే సరుకు సంగతి, మీ ఆడిటర్‌తో మాట్లాడి రాసుకోండి.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి పేరు, ఫోన్ సైట్లో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చిన్న కొట్టులో ఆ అధికారి మీరో మీ అబ్బాయో అవుతారు, కాబట్టి పేరు ఇప్పుడే ఖాయం చేయండి.

కొరియర్ చార్జీ సాధారణంగా అర కిలో స్లాబుల్లో ఉంటుంది. చీర, డబ్బా కలిపి 500 గ్రాములు దాటిందంటే తర్వాతి స్లాబు పడుతుంది. డబ్బా పెద్దదైతే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే అంకెనే కిలోల బరువుగా చాలా కొరియర్లు లెక్కవేస్తాయి. డబ్బా కొనేముందే నింపి తూకం వేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతారు కదా అని మొదటి రోజే విదేశీ ఆర్డర్లు తెరవొద్దు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం మీరు కడతారా, వాళ్లు కడతారా అన్నది తేలకుండా పంపితే పార్సిల్ దగ్గరే గొడవ అవుతుంది. మొదట్లో వాళ్లను వాట్సాప్ బటన్‌కు పంపండి.

9. డొమైన్, ఖాతాలు, ప్లాట్‌ఫామ్

డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే చోటు), గేట్‌వే, గూగుల్ ఖాతాలు అన్నీ వ్యాపారం ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీ డబ్బుతో తీసుకోండి. డెవలపర్‌కు పనిచేసే అనుమతి ఇస్తే చాలు. ఇందులో మొహమాటం పనికిరాదు. ఖాతా వేరేవాళ్ల పేరున ఉంటే, వాళ్లు ఫోన్ ఎత్తని రోజున మీ సైట్ మీది కాదు.

పేరు పెట్టేముందు ఫోన్లో నలుగురికి చెప్పి టైప్ చేయమనండి. శ్రీ అనే ఒక్క అక్షరాన్నే ఇంగ్లీషులో తలా ఒక రకంగా కొడతారు. అందరూ ఒకేలా కొట్టిన పేరు తీసుకోండి.

ప్లాట్‌ఫామ్ గురించి ఎక్కువ తలబద్దలు కొట్టుకోవద్దు. నెలనెలా చందా కట్టినా నిర్వహణ టెన్షన్ వద్దనుకుంటే షాపిఫై. చందా తగ్గాలి, కానీ అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసే మనిషి ఉన్నాడు అంటే వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్. మొదటి సైట్‌కు అన్నీ కొత్తగా కోడ్ రాయించడం నేను వద్దంటాను.

10. బ్రీఫ్, కొటేషన్, తేదీ

పైవన్నీ నాలుగైదు పేజీల్లో రాస్తే అదే మీ బ్రీఫ్. దాన్ని ముగ్గురు డెవలపర్లకు ఒకేలా పంపండి. అందరి చేతిలో ఒకే కాగితం ఉంటేనే ధరలు పోల్చడం కుదురుతుంది. "అన్నీ చేసేస్తాం సార్" అని వెంటనే ధర చెప్పేవాళ్లకంటే, సింగిల్ పీస్ స్టాక్ గురించో, ఫోటోలు ఎవరు ఎక్కిస్తారనో తిరిగి ప్రశ్నలు అడిగేవాళ్లను నమ్మండి.

ఒప్పందంలో ఇవి ఉండాలి: ఏ పేజీలు, డిజైన్‌లో ఎన్నిసార్లు మార్పులు, మీరు కంటెంట్ ఇవ్వాల్సిన తేదీలు, వాళ్లు చూపించాల్సిన తేదీలు. డబ్బు దశలవారీగా ఇవ్వండి, చివరి భాగం మీ మనిషి సొంతంగా పది చీరలు ఎక్కించి, ఒక ఆర్డర్ తీసుకుని, ఒక రిఫండ్ చేసి చూపించాకే. చీర ఎక్కించే పద్ధతిని తెలుగులో స్క్రీన్ రికార్డ్ చేసి ఇవ్వమనండి. కౌంటర్లో మనిషి మారినప్పుడల్లా ఆ వీడియోనే కొత్తవాళ్లకు నేర్పిస్తుంది. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) అంటే సరిగ్గా ఏమేం చేస్తారో, సైట్ ఆగిపోతే ఎన్ని గంటల్లో చూస్తారో అందులోనే రాయించండి.

తేదీని పండగల క్యాలెండర్ చూసి పెట్టండి. వరలక్ష్మీ వ్రతం వారంలో, దసరా ముందు, సంక్రాంతి ముందు సైట్ తెరవొద్దు. కొట్లో మనిషి తీరిక లేకుండా ఉన్నప్పుడు తొలి తప్పులు చూసేవాళ్లుండరు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కొట్టు కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఆ నెల మొదట్లో పాత వాట్సాప్ కస్టమర్లలో ఓ ఇరవై మందికి మాత్రమే లింకు పంపి, వాళ్ల ఆర్డర్లు ఒక్కొక్కటీ పార్సిల్ అందేదాకా వెంటపడి చూడండి. బయటపడ్డ లోపాలన్నీ డెవలపర్‌తో దిద్దించి, శ్రావణం మొదలయ్యేలోపు అందరికీ తెరవండి. అంటే ఆషాఢం మొదటి వారం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి, షీట్, ఫోటోలు, షరతుల పేజీలకు ఇప్పుడే తేదీలు వేయాలి. ముందుగా వాట్సాప్ నోటుబుక్కు ఎవరు రాస్తారో ఈ వారమే తేల్చండి.